తీరం వెంట పడవ ప్రయాణం: గాలి లేస్తే ఎక్కడ ఆగాలి, రాతి గుంటలను ఎలా చూడాలి

కర్నూలు నుంచి ఒక మిత్రుడు అడిగిన ప్రశ్న సారాంశం ఇది. సంగమేశ్వరం, సిద్ధేశ్వరం ప్రాంతాల్లో శ్రీశైలం వెనుక జలాల మీద ఆయనకు మరపడవ నడిపిన అనుభవం చాలా ఉంది. ఈ జనవరిలో కుటుంబంతో, స్నేహితులతో విశాఖపట్నం వెళ్లి, అక్కడ ఒక పడవ మాట్లాడుకొని తీరం వెంబడి భీమిలి దాకా వెళ్లి రావాలని ఆయన ఆలోచన. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బండల మధ్య మిగిలే నీటి గుంటల్లోని జీవులను తోవలో దిగి పిల్లలకు చూపించాలని కూడా అనుకుంటున్నారు. దారిలో గాలివాన వస్తే ఎక్కడ తలదాచుకోవాలి, బండల దగ్గర పడవను ఎలా నిలపాలి, పదేళ్ల పిల్లలను తీసుకువెళ్లవచ్చా అని అడిగారు. నాది కడప జిల్లాయే అయినా ఉద్యోగ జీవితమంతా విశాఖ, కాకినాడ తీరాల్లో చిన్న ఓడల మీదే గడిచింది కాబట్టి, ఈ విషయాన్ని కొంత వివరంగానే చెప్పదలిచాను.

జలాశయంలో నేర్చుకున్న పడవ విద్యలో చాలా భాగం సముద్రంలోనూ పనికి వస్తుంది. ఒక్క అలవాటును మాత్రం ఇంటి దగ్గరే వదిలి వెళ్లాలి. గాలి లేవగానే దగ్గరలో కనిపించిన ఒడ్డుకు పడవను తిప్పడమే ఆ అలవాటు. శ్రీశైలం జలాశయంలో అది సరైన పనే, ఎందుకంటే అక్కడి అల అప్పటికప్పుడు గాలి పుట్టించినది. అది పొట్టిగా, దగ్గర దగ్గరగా వస్తుంది, పడవను బాగా కుదుపుతుంది, కానీ కొండ చాటుకో గట్టు పక్కకో చేరగానే చల్లబడుతుంది, గాలి ఆగిన కొద్దిసేపటికే పడిపోతుంది. ఒడ్డు చేరినవాడు బతికినట్టే.

సముద్రంలో లెక్క వేరు. బంగాళాఖాతంలో మన తీరాన్ని తాకే అలల్లో కొన్ని అక్కడి గాలి పుట్టించినవి, మరికొన్ని ఎక్కడో దక్షిణ హిందూ మహాసముద్రంలో పెద్ద గాలులకు పుట్టి, వేల కిలోమీటర్లు రోజుల తరబడి ప్రయాణించి వచ్చినవి. నావికులు స్వెల్ అని పిలిచే ఈ దూరపు అలకు మన దగ్గర గాలి ఉండనవసరం లేదు. ఆకాశం నిర్మలంగా ఉండి, ఆకు కదలని రోజున కూడా అది వస్తుంది. లోతు నీటిలో దానివల్ల ప్రమాదం లేదు, పడవను మెల్లగా ఎత్తి మెల్లగా దించుతుంది. లోతు తగ్గుతున్న కొద్దీ దాని వేగం తగ్గి ఎత్తు పెరుగుతుంది, నీటి లోతు అల ఎత్తుకు సుమారు 1.3 రెట్లకు పడిపోయినప్పుడు తల ముందుకు వాలి విరుగుతుంది. అంటే మీటరున్నర అల రెండు మీటర్ల లోతుకు రాగానే విరుగుతుందన్నమాట. 20 మీటర్ల లోతులో మీరు కూర్చుని టీ తాగగలిగిన అలే, ఒడ్డుకు వంద గజాల దూరంలో ఏడెనిమిది మంది ఉన్న ఫైబర్ పడవను అడ్డం తిప్పి బోర్లించగలదు. కాబట్టి గాలి లేచినప్పుడు ఒడ్డు అన్నది తనంతట తాను రక్ష కాదు. ఆ గాలిలో, ఆ అలలో, విరిగే కెరటాలను దాటకుండా ప్రవేశించగల ద్వారం ఉన్న చోటే రక్ష. అలాంటి చోటు లేనప్పుడు ఒడ్డుకు దూరంగా, లోతు నీటిలోనే ముక్కు గాలికి ఎదురుగా పెట్టి గంటసేపు ఓర్చుకోవడం, ఒడ్డుకు పరుగెత్తడం కంటే చాలాసార్లు మేలు.

ఇప్పుడు మన తీరంలో అలాంటి చోట్లు ఎన్ని ఉన్నాయో చూద్దాం. కొంకణ తీరంలో ఉన్నట్టు కొండల మధ్యకు చొచ్చుకు వచ్చిన కయ్యలు, వాటి ముందు దీవులు ఆంధ్ర తీరంలో అరుదు. దక్షిణాన నెల్లూరు వైపు చూస్తే, నంది కొండల్లో పుట్టి అనంతపురం, కడప జిల్లాలు దాటి, గండికోట లోయను చీల్చుకొని వెళ్లే మన పెన్న శతాబ్దాలుగా మోసుకుపోయిన ఇసుక ఆ తీరంలో పరుచుకుంది. అక్కడ బండలు లేవు కాబట్టి మీరు చూడాలనుకున్న రాతి గుంటలూ లేవు. కృష్ణ, గోదావరి డెల్టాల తీరమూ మట్టి, ఇసుక, మడ అడవులే. కాకినాడ దగ్గర మాత్రం గోదావరి మేటలతో ఏర్పడిన హోప్ ఐలాండ్ అనే ఇసుక దిబ్బ సుమారు 16 కిలోమీటర్ల పొడవున సముద్రానికి అడ్డంగా పడుకొని, దాని వెనుక అఖాతాన్ని శాంతంగా ఉంచుతుంది. చిన్న పడవకు మన తీరంలో ప్రకృతి ఇచ్చిన గొప్ప ఆశ్రయం అదే.

విశాఖ దగ్గర తూర్పు కనుమలు నేరుగా సముద్రంలోకి దిగుతాయి కాబట్టి బండలు అక్కడే ఉన్నాయి, మీరు వెతికే గుంటలూ అక్కడే ఉన్నాయి. కానీ ఆశ్రయం తక్కువ. డాల్ఫిన్స్ నోస్ కొండ నైరుతి గాలిని కొంత ఆపుతుంది. 1933లో మొదలైన ఓడరేవు ప్రవేశ ద్వారాన్ని అలల నుంచి కాపాడడానికి ఆ రోజుల్లో రెండు పాత ఓడలను ముంచి వాటిమీద రాళ్ల కట్టను నిలిపారంటే, ఆ తీరంలో ప్రకృతి ఇచ్చిన చాటు ఎంత కొద్దిదో తెలుస్తుంది. ఈనాడు చిన్న పడవలకు దిక్కు ఫిషింగ్ హార్బర్ ఒక్కటే. అక్కడి నుంచి భీమిలికి నీటి మీద సుమారు 27 కిలోమీటర్లు. మధ్యలో జోడుగుళ్లపాలెం, ఋషికొండ, మంగమారిపేట ఉన్నా అవన్నీ సముద్రానికి తెరిచి ఉన్న ఇసుక తీరాలే. అక్కడి మత్స్యకారులు కెరటాల వరుసలు లెక్కపెట్టి, రెండు వరుసల మధ్య సందు చూసి పడవను తోస్తారు, అలాగే తెస్తారు. అది తరాల నుంచి వచ్చిన విద్య, చూసి నేర్చుకోగలిగింది కాదు. భీమిలిలో గోస్తని నది కలిసే మొగ ఉంది కదా, అందులో దూరవచ్చు కదా అనిపిస్తుంది. నది మొగలో ఇసుక మేట ఉంటుంది, లోతు నెలనెలా మారుతుంది. ఆటు సమయంలో బయటికి పారే నీరు లోపలికి వచ్చే అలను ఎదుర్కొని దాన్ని నిటారుగా లేపుతుంది. తెలియని మొగలోకి, గాలి ఉన్నప్పుడు, ఆటు సమయంలో పోవడమంత ప్రమాదకరమైన పని తీర ప్రయాణంలో మరొకటి లేదని నా అభిప్రాయం. విశాఖకు దక్షిణాన శారద, వరాహ, తాండవ నదుల మొగల సంగతీ ఇదే.

కాబట్టి మీ మొదటి ప్రశ్నకు జవాబు, మీరు ఆశించినది కాకపోయినా, ఇది: హార్బర్‌కు, భీమిలికి మధ్య గాలివానలో తలదాచుకునే చోటు లేదు. ఆశ్రయాన్ని బయలుదేరే ముందే ఎంచుకోవాలి, అది హార్బరే. అక్కడి నుంచి ఎంత దూరం వెళ్లవచ్చన్నది మిగిలిన లెక్క. 8 నాట్ల వేగంతో, అంటే గంటకు సుమారు 15 కిలోమీటర్లు పోయే పడవ భీమిలికి రెండు గంటల్లోపే చేరుతుంది. అదే పడవకు ఎదురుగాలిలో, ఎదురు అలలో 3, 4 నాట్లకు మించి వేగం రాకపోవచ్చు. అప్పుడు వెనక్కి రావడానికి నాలుగైదు గంటలు పడుతుంది. ఇంధనంలో మూడో వంతు పోవడానికి, మూడో వంతు రావడానికి, మూడో వంతు ముట్టుకోకుండా ఉంచుకోవడానికి అన్న నావికుల పాత నియమం ఇందుకే పుట్టింది. నా సలహా ఏమిటంటే, పడవ మీద ఋషికొండ ఎదురుగా దాకా వెళ్లి వెనక్కి తిరగండి, భీమిలికి బీచ్ రోడ్డు మీద వాహనంలో వెళ్లండి. ఆ రోడ్డు అందం పడవ ప్రయాణానికి ఏ మాత్రం తీసిపోదు.

జనవరిని ఎంచుకోవడం మాత్రం మంచి ఆలోచన. అప్పటికి తుపాన్ల కాలం దాదాపు ముగుస్తుంది, నైరుతి రుతుపవనాల పెద్ద అల ఇంకా రాదు. గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి ఉంటుంది కాబట్టి ఋషికొండ వైపు పోయేటప్పుడు ఎదురుగాలి, హార్బర్‌కు వచ్చేటప్పుడు వెనుకగాలి అవుతుంది. ఇది చాలా విలువైన అనుకూలత. అలిసిపోని ఉదయం వేళ కష్టమైన దిక్కుకు పోయి, తిరుగు ప్రయాణంలో గాలి సాయంతో వస్తారు. ఫిబ్రవరి చివరికి ఇది తలకిందులవుతుంది. గాలి నైరుతి నుంచి వీయడం మొదలవుతుంది, తీరం వెంబడి సముద్ర ప్రవాహం కూడా ఉత్తరానికి పారుతుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఆ ప్రవాహం బలంగా ఉంటుంది. అప్పుడు పోయేటప్పుడు హాయిగా అనిపించిన దారి, వచ్చేటప్పుడు గాలి, ప్రవాహం రెండూ ఎదురై సాగదు. ఏ నెలలో వెళ్లినా మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి ఒడ్డు వైపు వీస్తుంది, నీటి మీద చిన్న అలలు రేగుతాయి. తెల్లవారగానే బయలుదేరి, పది, పదకొండు గంటలకల్లా హార్బర్‌లో ఉండేలా చూసుకోండి.

గాలివానల్లోనూ రెండు రకాలున్నాయి. వాటిని వేరు చేసి గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే ఒకదానిలో చేయవలసినది రెండోదానిలో చేయకూడదు. ఏప్రిల్, మే నెలల్లో వచ్చే ఈదురుగాలి నేల మీద పుట్టి పడమటి నుంచి సముద్రం వైపు వీస్తుంది. మన కడపలో ఎండ మండిన రోజున సాయంత్రం దుమ్ము లేపుకుంటూ వచ్చే గాలివాన ఏ కారణంతో పుడుతుందో ఇదీ అదే కారణంతో పుడుతుంది. నేల బాగా వేడెక్కి, పైకి లేచిన తేమగాలి పెద్ద మేఘమై, వాన పడేటప్పుడు చల్లటి గాలిని కిందికి తోసి నలుదిక్కులకూ విసురుతుంది. విశాఖలో అయితే మధ్యాహ్నం తరువాత కొండల వెనుక మేఘం నల్లబడుతుంది. అప్పటిదాకా వీస్తున్న సముద్రపు గాలి ఉన్నట్టుండి ఆగిపోతుంది, ఆ తరువాత చల్లటి విసురు నేల వైపు నుంచి తగులుతుంది. ఆ ఆగిపోవడమే మీకు అందే చివరి హెచ్చరిక. ఈ గాలిలో ఒడ్డు దగ్గర నీరు నున్నగా ఉండి మోసం చేస్తుంది, కానీ పడవ సముద్రం లోపలికి కొట్టుకుపోతుంది. దూరం పెరిగే కొద్దీ అల పెరుగుతుంది. ఇందులో ఒడ్డుకు దగ్గరగా జరిగి, కెరటాలు విరిగే వరుసకు వెలుపల, ఇసుక నేల చూసి లంగరు వేసి నిలవడం మంచిది.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, అల్పపీడనాల కాలంలో, గాలి ఈశాన్యం నుంచో తూర్పు నుంచో సముద్రం మీదుగా ఒడ్డుకు వీస్తుంది. ఇందులో ఇంజన్ ఆగితే పడవ నేరుగా విరిగే కెరటాల్లోకి పోతుంది. అప్పుడు ఒడ్డుకు దూరంగా జరగాలి, హార్బర్ ద్వారం సురక్షితంగా దాటగలమనిపించేదాకా బయటే ఉండాలి. జనవరిలోనూ అప్పుడప్పుడు ఈశాన్య గాలి బలపడుతుంది కాబట్టి మీకు ఎదురయ్యే అవకాశం ఉన్నది ఈ రెండో రకమే.

తుపాను విషయం వేరుగా చెప్పాలి. తుపానులో ఎక్కడ దాక్కోవాలి అన్న ప్రశ్నే పడవ ప్రయాణంలో రాకూడదు. వాతావరణ శాఖ రోజుల ముందే చెబుతుంది. అల్పపీడనం బలపడి వాయుగుండం అయిందంటేనే గాలి గంటకు 31 నుంచి 49 కిలోమీటర్లకు చేరిందని అర్థం. తుపాను అన్న పేరు 62 కిలోమీటర్లు దాటాక గానీ రాదు. వార్తల్లో ఇంకా వాయుగుండమే కదా అని తేలిగ్గా తీసుకునేవారిని చూశాను. చిన్న పడవకు వాయుగుండమే ఎక్కువ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద తీరం దాటినప్పుడు హార్బర్ లోపల కట్టి ఉన్న పడవలే దెబ్బతిన్నాయి. ఓడరేవులో ఎగరేసే ప్రమాద హెచ్చరికల్లో ఒకటి, రెండు నంబర్లు దూరంలోని ముప్పును చెబుతాయి. మూడో నంబరు ఎగిరిందంటే ఆ రేవులోనే ఈదురుగాలులు రావచ్చని అర్థం. నా వరకు ఒకటో నంబరు కనిపించినా సరదా ప్రయాణం ఆగిపోవాలి.

బయలుదేరే ముందు రోజు చూడవలసినవి రెండు. విశాఖ తుపాను హెచ్చరికల కేంద్రం ఇచ్చే మత్స్యకారుల హెచ్చరిక ఒకటి. వేటకు వెళ్లవద్దని వారికి చెప్పిన రోజున మీకు వెళ్లే పనే లేదు. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఇచ్చే సముద్ర స్థితి సూచన రెండోది. అందులో అల ఎత్తు, స్వెల్ ఎత్తు, రెండు అలల మధ్య వ్యవధి, గాలి వేగం, దిక్కు ఉంటాయి. అందరూ ఎత్తు చూసి ఊరుకుంటారు, వ్యవధిని వదిలేస్తారు. ఒకే మీటరు అల 6 సెకన్ల వ్యవధితో వస్తే అది స్థానికమైన చిల్లర అల, 15 సెకన్ల వ్యవధితో వస్తే అది దూరపు అల. తీరంలో నేల తగలగానే రెండోది చాలా ఎక్కువగా లేస్తుంది, బండల మీద ఊహించని ఎత్తుకు పాకుతుంది. వ్యవధి 12 సెకన్లు దాటి, స్వెల్ మీటరుకు దగ్గరగా ఉన్న రోజున పడవా వద్దు, బండలూ వద్దు అని నేను చెబుతాను.

పడవ ఎంపికలో ఒక్క విషయమే నొక్కి చెబుతాను. చేపల వేట పడవలకు యాత్రికులను ఎక్కించుకునే అనుమతి ఉండదు. తక్కువ డబ్బుకు తీసుకెళతామన్నా ఎక్కవద్దు, అనుమతి ఉన్న పడవనే, దాని సరంగుతో సహా మాట్లాడుకోండి. మీకు నడపడం వచ్చినా అక్కడ చుక్కాని ఆయన చేతిలోనే ఉండాలి. విశాఖలో నౌకాదళం పరిధి, ఓడల దారి ఎక్కడెక్కడ ఉన్నాయో ఆయనకు తెలుసు, ఆ హద్దులు దాటితే పడవను ఆపేస్తారు. లైఫ్ జాకెట్ ఎక్కేటప్పుడే తొడిగి, పట్టీలు బిగించి, దిగేదాకా ఉంచుకోవాలి. పడవ ఊగడం మొదలయ్యాక ఎవరూ దాన్ని తొడుక్కోలేరు. తీర రక్షక దళం 1554, తీర భద్రతా పోలీసుల 1093 నంబర్లు ఫోనులోనే కాక కాగితం మీద కూడా రాసి పెట్టుకోండి. పోయే దారి, తిరిగి వచ్చే వేళ ఒడ్డున ఒకరికి చెప్పి వెళ్లండి.

ఇంత చేసినా గాలి లేస్తే ఏం చేయాలో తెలిసి ఉండాలి. నీటి మీద అక్కడక్కడా తెల్లటి నురగ తలలు కనిపించడం గాలి గంటకు 20 కిలోమీటర్ల దరిదాపుకు వచ్చిందనడానికి గుర్తు. అవి అన్ని దిక్కులా కనిపించడం మొదలైతే అక్కడి నుంచే తిరగండి. విసురు వచ్చేసిందనుకోండి, అందరినీ నడుమ భాగంలో కిందికి కూర్చోబెట్టి, సామాను కట్టేసి, వేగం తగ్గించి, పడవ ముక్కును అలకు నేరుగా కాకుండా కొంచెం ఏటవాలుగా పెట్టాలి. అడ్డంగా మాత్రం ఎన్నడూ ఉంచకూడదు. వెనుక నుంచి అలలు తరుముతున్నప్పుడు తొందరగా చేరాలని వేగం పెంచడం సహజం. అయితే అల ముఖం మీద పడవ జారిపోతూ అడ్డం తిరిగే ప్రమాదం అప్పుడే ఉంది, అందువల్ల అల పడవను దాటి పోయేంత నెమ్మదిగా రావాలి. ఇంజన్ ఆగితే పొడవాటి తాడుకు బకెట్ లేదా బరువైన గుడ్డల మూట కట్టి ముక్కు వైపు నుంచి నీటిలోకి వదలాలి. దాని లాగుడుకు ముక్కు అలకు ఎదురుగా నిలుస్తుంది, కొట్టుకుపోవడం నెమ్మదిస్తుంది. లోతు అందే చోట లంగరు వేస్తే తాడును లోతుకు అయిదు నుంచి ఏడు రెట్లు వదలాలి. తాడు తక్కువైతే లంగరు పైకి లాగబడి నేలను పట్టదు.

రెండో ప్రశ్నకు నా జవాబు చిన్నది: బండల దగ్గర పడవను నిలపవద్దు. బండకు కొట్టుకున్న అల వెనక్కి తిరిగి, ఎదురుగా వచ్చే అలతో కలిసి నీటిని కల్లోలం చేస్తుంది. మునిగి ఉన్న రాళ్లు కనిపించవు, లంగరు రాళ్ల సందులో ఇరుక్కుంటుంది. కొన్ని నిమిషాలకొకసారి వచ్చే పెద్ద అలల వరుస అప్పటిదాకా ఉన్న ప్రశాంతతను ఒక్కసారిగా చెరిపేస్తుంది. విశాఖలో రాతి గుంటలకు నేల మీద నుంచే దారులున్నాయి. కైలాసగిరి కింద తెన్నేటి పార్కు దగ్గర, ఋషికొండ పక్కన, మంగమారిపేటలో, డాల్ఫిన్స్ నోస్ కొండకు అవతల యారాడలో నడిచి చేరవచ్చు. పడవ ఒక రోజు, గుంటలు మరో రోజు పెట్టుకోండి.

గుంటలకు రోజు, వేళ కుదరడం ముఖ్యం. అందుకు మన ఇంటి పంచాంగమే సగం పని చేస్తుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో, ఆ తరువాత పాడ్యమి, విదియల్లో సూర్యచంద్రుల ఆకర్షణ ఒకే వరుసలో పనిచేసి ఆటుపోట్ల తేడా పెద్దదవుతుంది. విశాఖలో అది ఇంచుమించు మీటరున్నర. అష్టమి, నవమి ప్రాంతంలో అందులో సగం కూడా ఉండదు, దిగువ గుంటలు బయటపడవు. మీరు జనవరిలో వెళ్లే తేదీని తిథి చూసి పెట్టుకోండి. కచ్చితమైన వేళకు ఓడరేవు ఆటుపోట్ల పట్టిక చూడాలి. ఒక ఆటుకూ మరో ఆటుకూ మధ్య 12 గంటల 25 నిమిషాలు పడుతుంది కాబట్టి వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. నీరు బాగా తగ్గే వేళకు గంటన్నర ముందే చేరి, దిగుతున్న నీటి వెంట కిందికి వెళ్లి, నీరు మళ్లగానే వెనక్కి తిరగాలి. పోటు ఒకే వేగంతో రాదు. మొదటి గంటలో పన్నెండో వంతే పెరుగుతుంది, చూసేవారికి ఇంకా సమయం ఉందనిపిస్తుంది. మూడో, నాలుగో గంటల్లో సగం పోటు వచ్చేస్తుంది, తిరిగి రావలసిన దారిలో ఉన్న పల్లం మునిగిపోతుంది. అల్పపీడనం ఉండి గాలి ఒడ్డుకు వీస్తున్నప్పుడు నీరు పట్టికలో చెప్పినంత తగ్గదని కూడా గుర్తుంచుకోండి.

ఇక చూడవలసినది. బండను పైనుంచి కిందికి చదవాలి. అన్నింటికంటే పైన, నీటి తుంపర మాత్రమే అందే చోట, పగుళ్లలో మిరియపు గింజంత నత్తలు గుంపుగా అతుక్కొని తడిని కాపాడుకుంటూ ఉంటాయి. వాటి కింద బార్నకిల్స్ అనే చిన్న గుల్ల జీవులు తెల్లటి గరుకు పట్టీలా బండను కప్పి, మూతలు బిగించుకొని ఉంటాయి. ఆ కింద అంచులు కత్తిలా ఉండే ఆలుచిప్పలు, ఇంకా కింద పచ్చటి నాచు, దానికి దిగువన జోఆంథిడ్లు అనే మెత్తటి జీవులు చాపలా పరుచుకొని కనిపిస్తాయి. ఎండను, ఎండిపోవడాన్ని ఎవరెంత తట్టుకోగలరన్నది పై హద్దును, చోటు కోసం పోటీ, తినేవారి బెడద కింది హద్దును చాలావరకు నిర్ణయిస్తాయి.

ఒక గుంట పక్కన, మీ నీడ నీటి మీద పడకుండా, అయిదు నిమిషాలు కదలకుండా కూర్చోండి. మొదట ఖాళీ నీరే కనిపిస్తుంది. తరువాత అంగుళం పొడవు బురద రంగు చేప ఒకటి రాతి కింద నుంచి తల బయట పెడుతుంది. అది ప్రక్క గుంటకు గెంతి పోగల చేప. నడుస్తున్న గుల్ల ఒకటి కనిపిస్తే అందులో ఉన్నది నత్త కాదు, ఖాళీ గుల్లలో కాపురం పెట్టిన సన్యాసి ఎండ్రకాయ. గోడకు అంటుకున్న ముద్ద మెల్లగా విచ్చుకొని వేళ్లు చాచితే అది సీ అనిమోన్. బండ గోతుల్లో నల్లటి ముళ్లతో, ఎండ పడితే పచ్చటి మెరుపు కనిపించే సీ అర్చిన్లు ఒదిగి ఉంటాయి. ఈ చిన్న గుంటలో బతకడం తేలిక కాదు. మధ్యాహ్నానికి నీరు వేడెక్కి, ఆవిరై, ఉప్పు పెరుగుతుంది. వాన పడితే ఒక్కసారిగా ఉప్పు తగ్గుతుంది. రాత్రి నాచు కూడా ప్రాణవాయువును వాడుకునేదే కాబట్టి తెల్లవారేసరికి అది బాగా తగ్గిపోతుంది. ఇన్ని మార్పులను ఒకే రోజులో తట్టుకునే ప్రాణులను మనం సరదాకు చేతిలోకి తీసుకొని ఎండలో ఆడించడం నాకు ఎంతో బాధ కలిగించే విషయం.

ఎత్తిన రాయిని ఎలా ఉన్నదో అలాగే తిరిగి పెట్టండి. ఎత్తకపోతే ఇంకా మంచిది. అడుగు ఉత్త రాతి మీద వేయండి, నాచు మీద వేస్తే జారుతారు, జీవులూ నలుగుతాయి. గుల్లలు, పగడపు ముక్కలు ఇంటికి తేవద్దు. పగడాలు, సముద్ర దోసకాయలు వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 కింద రక్షణ పొందినవి. శంకువు ఆకారపు అందమైన గుల్లను అసలే ముట్టవద్దు. అందులో ప్రాణి ఉంటే విషపు ముల్లు విసురుతుంది, అది ప్రాణాపాయం కలిగించగలదు. అలా జరిగితే ఆ అవయవాన్ని కదలకుండా గుడ్డతో గట్టిగా చుట్టి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. జోఆంథిడ్లలో కొన్నింటిలో తీవ్రమైన విషం ఉంటుంది కాబట్టి వాటిని తాకి కళ్లు నలుపుకోకూడదు. అర్చిన్ ముల్లు గుచ్చుకున్నా, విషపు చేప ముల్లు గుచ్చుకున్నా, చర్మం ఓర్చుకోగలిగినంత వేడి నీటిలో, సుమారు 45 డిగ్రీలకు మించకుండా, ఆ భాగాన్ని ఉంచితే నొప్పి తగ్గుతుంది. ఆ తరువాత వైద్యుడికి చూపించాలి. జెల్లీ చేప తగిలితే సముద్రపు నీటితోనే కడగాలి, మంచినీళ్లు పోస్తే మిగిలిన విషపు కణాలు పగిలి మంట పెరుగుతుంది. ఆలుచిప్ప కోసిన గాయం చిన్నదైనా శుభ్రంగా కడిగించుకోవాలి. షుగర్ ఉన్నవారు దాన్ని అసలు నిర్లక్ష్యం చేయకూడదు.

చివరిగా పిల్లల మాట. పదేళ్ల పిల్లలను రాతి గుంటలకు తప్పకుండా తీసుకువెళ్లండి, ఆ వయసువారికి అంతకంటే మంచి పాఠశాల దొరకదు. పడవ విషయంలో మాత్రం, వారి ఒంటికి సరిపోయే లైఫ్ జాకెట్ ఉంటేనే, ఋషికొండ దగ్గర అనుమతి ఉన్న పర్యాటక పడవలో ఉదయం పూట కొద్దిసేపు తిప్పి దించండి. పెద్దల జాకెట్ పిల్లలకు తొడిగితే నీటిలో పడ్డప్పుడు అది తల మీదుగా జారిపోతుంది. బండల మీద ఇద్దరు పిల్లలకు ఒక పెద్దవారు ఉండాలి, ఆ పెద్దవారు ఎప్పుడూ పిల్లలకూ సముద్రానికీ మధ్య నిలబడి, ముఖం నీటి వైపే ఉంచాలి. పిల్లలకు జారని అడుగు ఉన్న, మడమ పట్టే బూట్లు కొనండి, చెప్పులు వద్దు. కొన్న బూట్లను కర్నూలులోనే రెండు రోజులు తొడిగించి, తడి గచ్చు మీద నడిపించి చూసి మరీ తీసుకువెళ్లండి.